డిసెంబరు హడావిడిలో ఇంటి క్రిస్మస్ ఆనవాయితీలు నిలుపుకోవడం ఎలా?

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిసెంబరంటే అన్నీ ఒక్కసారే మీద పడే నెల. పల్లెల్లో వరి కోతలు, కుప్పలు, నూర్పులు. సంఘాల్లో మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకి ముందే జరుపుకునే వేడుకలు, మొదలవుతాయి. రాత్రిళ్ళు కేరల్స్, ఆదివారం సాయంత్రాలు పిల్లల నాటిక రిహార్సల్సు, ఆఫీసులో ఏడాది చివరి లెక్కలు. నెల మధ్యలో నెలగంట పెట్టేస్తారు, అంటే ధనుర్మాసం మొదలవుతుంది, ఇక సంక్రాంతి పనులూ తలుపు తడతాయి. సంఘం కార్యక్రమాలకు కమిటీ ఉంటుంది, తేదీ ఉంటుంది, మైకులో ప్రకటన ఉంటుంది. అందుకే అవి ఎలాగోలా జరిగిపోతాయి. ఇంటి ఆనవాయితీకి ఇవేవీ ఉండవు. అమ్మమ్మ చేతి గులాబీ పువ్వుల పిండివంట, నాన్న కట్టే నక్షత్రం, 24 రాత్రి అందరూ కూచుని పాడుకునే ఓ పాత కీర్తన, వీటిని ఎవరూ ప్రకటించరు. మానేస్తే అడిగేవాళ్ళూ ఉండరు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ఇంటి ఆనవాయితీ బతకాలంటే దానికీ ఓ తేదీ కావాలి, ఓ మనిషి కావాలి, మన శక్తికి తగ్గ కొలత కావాలి. ఆ మూడూ ఎలా కుదుర్చుకోవాలో నెలల వారీగా చెబుతాను.

ముందుగా: మీ ఇంటివి ఏవో తేల్చుకోండి

దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు ఓ సాయంత్రం కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చోండి. క్రిస్మస్ అనగానే ఎవరికి ఏం గుర్తొస్తుందో ఒక్కొక్కరినీ అడగండి. పిల్లల్ని తప్పకుండా అడగాలి, ఎందుకంటే వాళ్ళ జవాబులు మనం అనుకున్నట్టు ఉండవు. పెద్దవాళ్ళు కేకూ, కొత్త బట్టలూ అంటారు. చిన్నవాడు మాత్రం తెల్లవారుజామున ఆరాధనకి శాలువా కప్పుకుని తాతయ్య చేయి పట్టుకుని నడిచి వెళ్ళడం అంటాడు. ఖర్చు లేనివే ఎక్కువగా బయటపడతాయి.

ఆ చిట్టాలోంచి మూడే ఉంచుకోండి. సంఘం కార్యక్రమాలు ఎటూ ఉంటాయి కనుక వాటిని ఇందులో కలపకండి. మిగిలినవి కుదిరితే చేసుకోవచ్చు, కుదరకపోతే బెంగ పడనక్కర్లేదు. పది పెట్టుకున్న ఇంట్లో పదీ సగం సగం అవుతాయి, చేసేవాళ్ళకి విసుగు మిగులుతుంది. ఆ పది పనులూ చాలా ఇళ్ళలో ఒక్క ఇల్లాలి మీదే పడతాయి. అందుకే మూడింటికీ వేర్వేరు మనుషుల పేర్లు రాయండి. నక్షత్రం బావది, పిండివంట అప్పదీ అమ్మదీ, కీర్తన తాతయ్యది. పేరు పడినవాళ్ళే చొరవ తీసుకోవాలి, మిగతావాళ్ళు సాయం పట్టాలి.

ఈ ప్రాంతంలో అందరి క్రిస్మస్ ఒకలా ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి, పాలకొండ వైపు కెనడియన్ బాప్టిస్టు మిషన్ పని చేసింది. సాలూరు వైపు లూథరన్లు ఎక్కువ. 1993 నుంచి శ్రీకాకుళం కేంద్రంగా కథోలిక మేత్రాసనం (బిషప్ పరిధి) ఉంది. ఒకరింట్లో పశువుల పాక కట్టడం ముఖ్యం, మరొకరింట్లో తెల్లవారుజాము ఆరాధన ముఖ్యం. పెళ్ళితో రెండు సంఘాలు కలిసిన ఇల్లయితే అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి తీసుకోండి. మూడోది మీ ఇద్దరూ కొత్తగా పెట్టుకోండి.

అక్టోబరులో: రైలు, సెలవు

మన ఇళ్ళ క్రిస్మస్‌ని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది టికెట్టు దొరకకపోవడం. హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లో మన జిల్లాల వాళ్ళు లేని బస్తీ ఉండదు. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. అంటే డిసెంబరు 23న బయల్దేరే బండికి అక్టోబరు 24 ఉదయం 8 గంటలకి బుకింగ్ తెరుస్తారు. ఆ తేదీని ఇప్పుడే ఫోనులో పెట్టుకోండి. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ముందే చేయించి ఉంచండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి దొరక్కపోతే పలాసకో విజయనగరానికో చూడండి, అక్కణ్ణుంచి బస్సులకి కొదవలేదు. తిరుగు టికెట్టు కూడా అదే ఊపులో తీసేసుకోవాలి.

2026లో క్రిస్మస్ శుక్రవారం పడుతోంది, శని, ఆదివారాలు కలిసొస్తాయి. ప్రభుత్వ ఉద్యోగులకి క్రిస్మస్ ముందు రోజూ, బాక్సింగ్ డే సాధారణంగా ఐచ్ఛిక సెలవుల జాబితాలో ఉంటాయి. వాటిని ఇంకెక్కడా వాడేయకుండా అట్టిపెట్టుకోండి.

నవంబరు ఆఖర్లో: క్యాలెండరు మీద గీతలు

క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ ఆగమన కాలం. 2026లో అది నవంబరు 29న మొదలవుతుంది. ఆ రోజు గోడ క్యాలెండరు దించి, సంఘం తేదీలు ఒక రంగుతో, ఇంటివి ఇంకో రంగుతో గుర్తు పెట్టండి. పాస్టరుగారినీ, స్త్రీల సమాజం వాళ్ళనీ, సండేస్కూలు టీచరునీ అడిగితే సెమీ క్రిస్మస్, కేరల్స్, నాటికల తేదీలు అప్పటికి తెలిసే ఉంటాయి. మిగిలిన ఖాళీల్లో మీ మూడింటికీ చోటు చూడండి. నా సలహా ఇది: నక్షత్రం మొదటి ఆదివారం, పిండివంట 13 లేదా 20 సాయంత్రం, కీర్తన 24 రాత్రి.

కోతల ఇళ్ళకి ఇది అంత తేలిక కాదు. పగలంతా కళ్ళంలో ఉన్న మనిషిని రాత్రి పొయ్యి దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు. కుప్పలు వేశాక నూర్పుకి ముందు కాస్త విరామం దొరికే ఇళ్ళున్నాయి, ఆ రెండు మూడు రోజులు చూసుకోండి. మిషను కోత పెట్టించినవాళ్ళకి కొంత వెసులుబాటు ఉంటుంది. ఏదీ కుదరకపోతే పిండివంటను క్రిస్మస్ తర్వాతకి జరపండి. అదెలాగో చివర చెబుతాను.

నక్షత్రం

బజార్లో మెరిసే స్టార్లు దొరుకుతాయి, కొనుక్కోవడం తప్పేమీ కాదు. అయినా ఇంట్లో ఒక్కటి కట్టండి. ఇల్లంతా ఒకచోట కూచుని రెండు గంటలు చేతులాడించే పని ఇంతకంటే మంచిది నాకు తెలియదు. చిన్న పిల్లలు జిగురు పూస్తారు, పెద్దలు బద్దలు కడతారు. పనిలో పడితే ఫోను ఎవరికీ గుర్తు రాదు.

బుట్టలు, చేటలు అల్లే మేదర వాళ్ళ దగ్గర సన్నగా చీల్చిన వెదురు బద్దలు అడగండి. ఒక్కోటి రెండడుగుల పొడవుతో పది కావాలి, అన్నీ ఒకే మందంగా, నున్నగా ఉండాలి. వీటితో పాటు అర అడుగు ముక్కలు ఐదు. పురికొస లేదా గట్టి దారం, గాలిపటాల కాగితం, మైదా ఉడికించిన జిగురు.

ప్రతి బద్ద మీదా రెండు కొసల నుంచీ 9 అంగుళాలకి పిసరు ఎక్కువగా కొలిచి గుర్తు పెట్టండి. ఐదు బద్దల్ని కొసలు కలిపి ఐదు మూలల నక్షత్రంగా పరిస్తే, బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు సరిగ్గా ఆ గుర్తుల మీద పడతాయి. పడకపోతే నక్షత్రం వంకరగా ఉన్నట్టు. కట్టక ముందే సర్దుకోండి, కట్టాక లాగితే బద్ద విరుగుతుంది. ఐదు కొసల దగ్గరా, లోపల ఐదు కలయికల దగ్గరా బిగించండి. ఇలాంటివి రెండు తయారు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొసలు మాత్రం కలిపి కట్టాలి. ఇప్పుడు లోపలి కలయికల మధ్య అర అడుగు ముక్కల్ని నిలువుగా ఇరికించి కట్టండి. బోర్లా ఉన్న బద్దలు విచ్చుకుని నక్షత్రానికి పొట్ట వస్తుంది. ఆ క్షణం పిల్లల మొహాలు చూడాలి.

కాగితం ముందు వైపు, వెనక వైపు, పక్క సందుల్లో విడివిడిగా కత్తిరించి అతికించాలి. ఒకే పెద్ద కాగితంతో చుట్టేద్దామనుకుంటే ముడతలు పడుతుంది. వెనక మధ్యలో చేయి దూరేంత ఖాళీ వదలండి, బల్బు అక్కణ్ణుంచి పెట్టాలి. ఐదు వాట్ల ఎల్‌ఈడీ చాలు. పాత ఫిలమెంటు బల్బు మాత్రం వద్దు, దాని వేడికి కాగితం అంటుకుంటుంది. హోల్డరు కాగితానికి తగలకుండా వెదురుకి కట్టండి.

డిసెంబరులో మన వైపు మంచు బాగా కురుస్తుంది. ఆరుబయట కట్టిన కాగితం నక్షత్రం రెండో రాత్రికే జిగురు వదిలి వేలాడుతుంది. అందుకని చూరు కిందో, వరండాలోనో, సన్‌షేడు కిందో కట్టండి. వీధిలో నుంచి కనబడాలంటే ఎత్తు కాస్త తగ్గించవచ్చు.

సముద్రం పక్క ఊళ్ళ వాళ్ళకి ఇంకో సౌకర్యం ఉంది. సరుగుడు తోటలు చేతికందే దూరంలోనే ఉంటాయి. తోటవాళ్ళని అడిగి ఓ కొమ్మ తెచ్చుకుని తడి ఇసుక నింపిన బకెట్లో నాటితే క్రిస్మస్ చెట్టు అయిపోతుంది. ప్లాస్టిక్ చెట్టు కంటే దాని సన్నటి ఆకు తీరు నాకెంతో ఇష్టం. 20వ తేదీ దాటాక తెచ్చుకోండి, త్వరగా ఎండుతుంది. ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి కొవ్వొత్తులు దాని దరిదాపుల్లో పెట్టకూడదు.

గులాబీ పువ్వులు

కేకు బేకరీలో తెచ్చుకోండి. ఈ నెలలో ఓవెన్ పనికి ఓపిక లేకపోతే ఎవరూ తప్పుపట్టరు. చేతి వంట ఒక్కటి మాత్రం ఉండాలి. మా ఇళ్ళలో అది గులాబీ పువ్వులు. ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు, పది పన్నెండు రోజులు కరకరలాడుతూనే ఉంటాయి. ఈ ఒక్క గుణం చాలు, పనులెక్కువున్న ఇంటికి ఇంతకంటే మంచి పండగ వంట లేదనడానికి.

రెండు గ్లాసుల మైదా, గ్లాసు మెత్తటి బియ్యప్పిండి, గ్లాసుకి కాస్త తక్కువగా పంచదార పొడి, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు, చెంచా నువ్వులు. చిక్కటి కొబ్బరిపాలు పోస్తూ ఉండ కట్టకుండా కలపండి. దోసె పిండి కంటే కొంచెం పల్చగా రావాలి. అరగంట నాననివ్వండి. తీపి ఎక్కువైతే పువ్వు ఎర్రబడటం ఆగదు, నల్లబడిపోతుంది. అందుకే పంచదారని ఆ కొలత దాటనివ్వకండి.

అసలు సంగతంతా పువ్వు ఆకారపు అచ్చులోనే ఉంది. కొత్త అచ్చయితే ముందు రాత్రంతా నూనెలో నానబెట్టాలి. వేయబోయే ముందు కాగుతున్న నూనెలో రెండు నిమిషాలు ఉంచాలి. తీసి, నూనె చుక్కలు విదిలించి, పిండిలో ముంచేటప్పుడు ముప్పావు వంతు వరకే ముంచాలి. పైన అంచు మునిగితే పిండి అచ్చుని పూర్తిగా చుట్టేసుకుంటుంది, పువ్వు ఊడిరాదు. ముంచగానే సన్నగా చుయ్‌మన్న చప్పుడు రావాలి. రాలేదంటే అచ్చు చల్లారిందని అర్థం. పిండి అంటకుండా జారిపోతుంటే మరీ కాగిందని. నూనెలో పెట్టాక కొన్ని క్షణాలాగి అచ్చుని మెల్లగా ఆడిస్తే పువ్వు దానంతటదే వదులుతుంది. తిరగేసి, లేత బంగారు రంగులో ఉండగానే తీసేయండి, బయటికొచ్చాక ఇంకో ఛాయ ముదురుతుంది.

మొదటి రెండు మూడు ఎప్పుడూ విరుగుతాయి, అవి పిల్లల వాటా. "ఏటే గుంటా, తొందర పడకు, అచ్చు కాగనీ" అని పెద్దవాళ్ళు పక్కన ముక్కాలి పీట మీద కూచుని అనే మాట కూడా ఈ వంటలో భాగమే. చేసేది అమ్మ ఒక్కతే అయితే అది చాకిరీ. ఒకరు ముంచి, ఒకరు తిప్పి, ఒకరు కాగితం మీద ఆరబెట్టినప్పుడే అది ఆనవాయితీ అవుతుంది. పూర్తిగా చల్లారాకే స్టీలు డబ్బాలో సర్దండి, ఆవిరి చిక్కుకుంటే మెత్తబడతాయి.

పక్కన ఇంకేదైనా కావాలంటే పలాస జీడిపప్పుని నేతిలో వేయించి ఉప్పూ మిరియాలూ చల్లితే సరి. ఐదు నిమిషాల పని.

కేరల్స్, ఇంటి కీర్తన

మీ వీధికి కేరల్స్ బృందం ఏ రాత్రి వస్తుందో ముందే కనుక్కోండి. ఒంటిగంటకి తలుపు తట్టినా విసుక్కోకుండా ఉండాలంటే ఆ మర్నాడు ఉదయం పనేదీ పెట్టుకోకూడదు. ఫ్లాస్కులో అల్లం టీ పోసి ఉంచుకుంటే చాలు. వాళ్ళు వచ్చినప్పుడు ఓ చిన్న అలవాటు చేసుకోండి. వాళ్ళ పాటయ్యాక, మీ ఇంటి తరఫున ఓ పాత కీర్తన మీరే ఎత్తుకోండి, వాళ్ళు అందుకుంటారు. ఏటా అదే కీర్తన. కొన్నేళ్ళకి ఆ బృందం మీ గుమ్మంలోకి రాగానే అదే పాడుతుంది.

పాత కీర్తనలు ఎందుకంటారా? తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి 1803లో మన పొరుగున పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టాడు. ఆయన కట్టిన పాటలు అన్ని సంఘాల వాళ్ళూ పాడతారు. వాటి రాగం, నడక ఇంట్లో పెద్దవాళ్ళ నోట్లోనే ఇంకా సరిగ్గా ఉన్నాయి. తాతయ్య పాడుతుండగా ఫోనులో రికార్డు చేయండి. పాస్టరుగారు చెబుతారులే, యూట్యూబులో ఉంటుందిలే అనుకోవద్దు. ఏ చరణం దగ్గర ఆయన గొంతు నెమ్మదిస్తుందో అది యూట్యూబులో ఉండదు.

24 రాత్రి దీపాలన్నీ ఆర్పి, నక్షత్రం ఒక్కటీ వెలుగుతుండగా ఇంట్లో ఎవరో ఒకరు లూకా సువార్త రెండో అధ్యాయంలో జననం కథ చదవాలి. ఏటా ఇంకొకరు. కొత్తగా చదవడం నేర్చిన పిల్లకి ఆ అవకాశం ముందుగా ఇవ్వండి, తడబడినా సరిదిద్దకండి. తర్వాత కీర్తన, ప్రార్థన. అంతా పావుగంటలో అయిపోతుంది. ఆ పావుగంటా టీవీ, ఫోన్లూ పక్కన పెట్టడం మాత్రం ఖాయం చేసుకోండి.

డ్యూటీలో ఉన్నవాళ్ళు, దూరాన ఉన్నవాళ్ళు

పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు పండగని ఆగవు. నర్సులు, ఆర్టీసీ డ్రైవర్లు, పోలీసులు కూడా అంతే. ఇంట్లో ఒకరికి 25న డ్యూటీ పడితే మిగిలినవాళ్ళు వాళ్ళు లేకుండా కానిచ్చేయకండి. డిసెంబరు 25 అనేది సంఘం పెట్టుకున్న తేదీ, పుట్టిన రోజు ఇదీ అని సువార్తల్లో ఎక్కడా లేదు. రష్యా వంటి చోట్ల జనవరి 7న చేసుకుంటారు. కాబట్టి ఆరాధన 25నే ఉన్నా, ఇంటి భోజనాన్నీ ఇంటి కీర్తననీ అందరూ ఉండే రోజుకి జరపడంలో దోషమేమీ లేదు. నైట్ షిఫ్టు మనిషికి మాత్రం డబ్బాలో పువ్వులు కట్టి పంపండి, తోటి వాళ్ళకి కూడా సరిపడా.

తీరం ఊళ్ళ నుంచి గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదకి వెళ్ళినవాళ్ళు డిసెంబరులో తిరిగి రారు. వేట మధ్యలో సిగ్నలు అందదు. బోటు ఒడ్డుకి ఎప్పుడొస్తుందో ఆ ఇళ్ళకి ఓ అంచనా ఉంటుంది. ఆ రోజే వీడియో కాల్‌లో కీర్తన పాడుకోండి. అది 18 అయితే 18నే.

ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోతే కొత్త బట్టలు, పిండివంటలు మానేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఎవరి మనసు వాళ్ళది. నక్షత్రం ఒక్కటి మాత్రం కట్టమంటాను, పోయినవాళ్ళ పని ఏదైతే దాన్ని ఆ ఏడాది ఇంట్లో చిన్నవాళ్ళ చేతికి ఇమ్మంటాను.

ఇరుగుపొరుగు, అత్తవారు

మన ఊళ్ళలో క్రిస్మస్‌కి మనం పంపిన పళ్ళెం సంక్రాంతికి అరిసెలతో తిరిగొస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోకుండా చూడటం కూడా ఆనవాయితీయే. ఎవరింటికి పంపాలో ముందే రాసుకుని, పువ్వులు వేసిన మర్నాడే పంచేయండి. 25 ఉదయం పెట్టుకుంటే సగం ఇళ్ళు మిగిలిపోతాయి. శాకాహారం ఇళ్ళకి గుడ్డు లేకుండా, కొబ్బరిపాలతో మాత్రమే కలిపిన పిండితో విడిగా వేసి, ఆ మాట చెప్పి ఇవ్వండి. చెప్పకపోతే వాళ్ళు మొహమాటానికి తీసుకుంటారు గానీ తినలేరు.

భార్యాభర్తల్లో ఒకరిది హిందూ కుటుంబమైతే డిసెంబరు 16 ప్రాంతం నుంచి ధనుర్మాసం ముగ్గులూ క్రిస్మస్ పనులూ ఒకే వాకిట్లో కలుస్తాయి. అత్తగారి ముగ్గుకి పోటీ పెట్టకండి. "అత్తా, ఓ మూల నక్షత్రం ముగ్గు నేను పెట్టనా?" అని అడిగి చూడండి. అడిగిన తీరు బాగుంటే కాదనేవాళ్ళు తక్కువ.

బట్టల మాట కూడా ఇక్కడే. ఏటా అందరికీ కొత్తవి కొనడం భారమైతే ఒక్క పెద్దాయనకి పొందూరు ఖద్దరు పంచె కొని, అందరి తరఫునా మనవల చేత ఇప్పించండి.

25 తర్వాత

క్రిస్మస్ నాడు కొత్తగా ఏ పనీ పెట్టుకోవద్దు. ఆరాధన, భోజనం, నిద్ర. అంతే.

సంఘ సంప్రదాయంలో క్రిస్మస్ కాలం ఒక్కరోజుతో పోదు. జ్ఞానులు వచ్చి దర్శించుకున్నదాన్ని తలుచుకునే జనవరి 6 వరకూ సాగుతుంది. కోతల వల్ల, షిఫ్టుల వల్ల తప్పిపోయినవన్నీ చేసుకోవడానికి ఇదే అదను. పువ్వులు ఆ మధ్యలో వేయండి. రాలేకపోయిన అన్నయ్య న్యూ ఇయర్‌కి వస్తే ఆ రాత్రే మళ్ళీ లూకా చదవండి. 6 దాటితే మాత్రం భోగి వారంలోకి వచ్చేస్తుంది, ఇక పొడిగించకండి.

6 సాయంత్రం నక్షత్రం దించండి. కాగితం చింపేసి వెదురు గూడుని అటక మీద పెడితే వచ్చే ఏడు కాగితం అతికించడమే పని. పువ్వుల అచ్చుని సబ్బుతో తోమకుండా గుడ్డతో తుడిచి, నూనె రాసి కాగితంలో చుట్టండి. అదే కాగితం మీద ఈ ఏడు పిండి ఎంత కలిపారో, ఎన్నిళ్ళకి పంచారో, 24 రాత్రి చదివింది ఎవరో రాసేయండి. వచ్చే ఏడు చదవాల్సింది ఎవరో కూడా అప్పుడే ఒప్పించి, ఆ పేరు కింద వాళ్ళ చేతే సంతకం పెట్టించండి.